బేస్ మీద పెట్టిన బ్యాట్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ అంటారు. ఉంటుంది, అయితే ఏం? మిట్టమధ్యాహ్నం ఎండలో అంపైరింగ్ చేసి చూడండి, మీకూ వస్తుంది.

కారంపూడిలో ఇంటర్ అమ్మాయిల బేస్‌బాల్ ఫైనల్. ఒకవైపు మాచర్ల జట్టు, ఇంకోవైపు నరసరావుపేటలో నేను పీఈటీగా పనిచేసే కాలేజీ జట్టు. సొంత జట్టు ఆటకు అంపైర్‌గా నిలబడకూడదని నాకూ తెలుసు. కానీ రూల్సు పుస్తకం పూర్తిగా చదివినవాళ్ళు ఇంకెవరూ దొరకలేదు, మాచర్ల వాళ్ళు కూడా సరేనన్నారు. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడటానికి ఒక లెక్కల మాస్టారిని బతిమాలి తెచ్చాం. ఆయన ఎప్పుడూ చేసేది క్రికెట్ అంపైరింగ్.

గెలిచిన జట్టే రాష్ట్రస్థాయికి పోతుంది. మా జట్టులో ఒక స్కూటర్ మెకానిక్ కూతురుంది. అక్కడ ఆడిన సర్టిఫికెట్ చేతికొస్తే స్పోర్ట్స్ కోటాలో సీటు తెచ్చుకుని, నాలాగా పీఈటీ కావాలని ఆ పిల్ల ఆశ. సెకండ్ ఇయర్‌లో ఉంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం.

చివరి ఇన్నింగ్స్, స్కోరు సమానం. మా వాళ్ళు ఇద్దరు ఔట్, థర్డ్ బేస్‌లో ఒకమ్మాయి కాచుకుని ఉంది. మెకానిక్ కూతురు బంతిని నేలబారుగా కొట్టి ఫస్ట్ బేస్ వైపు పరుగెత్తింది. కొట్టాక బ్యాట్ అక్కడే పడేసి పోవాలి. పడేస్తేగా! చేత్తో పట్టుకునే పోయి, క్రీజులో పెట్టినట్టు వంగి, బ్యాట్ కొసను బేస్ మీద ఆనించింది. కాలు ఇంకా రెండడుగుల ఇవతలే ఉంది. అప్పటికే మాచర్ల అమ్మాయి బేస్ తొక్కుకుని బంతి పట్టేసింది. లెక్కల మాస్టారు దర్జాగా రెండు చేతులూ చాచి సేఫ్, అంటే నాటౌట్ అన్నాడు. ఈలోగా థర్డ్ బేస్ అమ్మాయి హోమ్‌కి వచ్చేసి పరుగు పూర్తిచేసింది. గెలిచామని మా వాళ్ళు గంతులేశారు.

మాచర్ల కోచ్ అరుచుకుంటూ వచ్చాడు. నేను మాస్టారి దగ్గరకు పోయాను.

“కాలు తగిలిందా సార్?”

“బ్యాట్ తగిలిందిగా మేడమ్!”

“బ్యాట్ తగిలితే ఏంది సార్? మనిషి తగలాలి!”

ఒళ్ళు మండిపోయింది. పొద్దున అరగంట కూర్చోబెట్టి చెప్తే తలూపిన మనిషి! ఔట్ అని చెయ్యెత్తాను, అది మూడో ఔట్ కాబట్టి ఆ పరుగు చెల్లదన్నాను.

అంతే, మా వైపు జనమంతా గ్రౌండ్‌లోకి వచ్చిపడ్డారు. ఆ రోజు భోజనాలు పెట్టించిన మా ఊరి పెద్దరైతు ఒకాయన నా ముందుకొచ్చి చెయ్యి ఊపాడు.

“ఏందమ్మాయ్, మనూరి పిల్లల నోట్లో మట్టి కొడతావా? చేతులు చాచినాక మళ్ళీ మార్చేదేంది?”

“భోజనం పెట్టినందుకు చానా సంతోషం బాబాయ్. గీత అవతలికి నడవండి ముందు!”

ఆయన వెనకే ఆ పిల్ల తండ్రి. షాపు నుంచి అట్నే వచ్చినట్టున్నాడు, చేతులకు గ్రీజు. ఆ చేతులే జోడించాడు.

“మేడమ్ గారూ, చానా ఆశ పెట్టుకుంది. మీరు సేఫ్ అంటే సేఫే గదా.”

“మీ అమ్మాయి కోసం రూలు మార్చమంటారా? పోండి!” అని ఆయన మీదా అరిచాను. అందరి ముందూ, చిన్నపిల్లాణ్ణి కసిరినట్టు.

ఇంకో ఇన్నింగ్స్ ఆడారు. మాచర్ల గెలిచింది.

షామియానా కింద ఆ పిల్ల మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఒంటరిగా కూర్చుంది. ఓదార్చాలని పోలేదు నేను. ఇంకా కోపంతోనే పోయాను.

“ఏమే, బ్యాట్ పడేసి పరుగెత్తాలని తెలీదా నీకు?”

తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ప్రాక్టీసులో రోజూ ఇట్టాగే పెట్టా గదా మేడమ్. ఒక్కరోజన్నా ఔట్ ఇచ్చారా? నవ్వి, సేఫేలే పోవే అనేవాళ్ళు.”

నిజమే. అట్లాగే అనేదాన్ని. క్రికెట్ ఆడుకునే పిల్లల్ని పట్టుకొచ్చి జట్టు కట్టాను. ప్రతిదానికీ ఔట్ ఇస్తే రేపటి నుంచి రారేమోనని, బ్యాట్ పెట్టినప్పుడల్లా నవ్వి వదిలేశాను. పుస్తకమంతా చదివిన దాన్ని, ఆ ఒక్క ముక్క నా పిల్లలకు చెప్పలేదు.

నేనిచ్చిన ఔట్ సరైనదే. కానీ ఆ పిల్ల మాట తలుచుకున్నప్పుడల్లా నన్ను నేను చెంపమీద కొట్టుకోవాలన్నంత కోపం వస్తుంది.