చీకటి గదికి తోడొచ్చిన అత్త

డెబ్భైల చివర్లో నేను ఫిజిక్సులో పరిశోధన చేస్తానంటే మా నాన్న పెద్దగా గొడవ చేయలేదు. ఆ పరిశోధన ఎలాంటి గదిలో జరుగుతుందో తెలిశాకే ఇల్లు పీకి పందిరి వేశారు.

నా పని చెప్పుకోడానికి తేలికే. కాల్షియం సల్ఫైడు పొడిలో బిస్మత్ అనే లోహం చిటికెడుకన్నా తక్కువ కలిపి కొలిమిలో కాల్చాలి. బిస్మత్ లేకపోతే ఆ పొడికీ సున్నానికీ చూడ్డానికి పెద్ద తేడా ఉండదు. బిస్మత్ చేరిందా, కాసేపు దీపం చూపించి ఆర్పేస్తే చాలు, ఊదారంగు కలిసిన నీలంగా తనంతట తనే వెలుగుతుంది. ఎంత బిస్మత్ వేస్తే ఎంతసేపు వెలుగుతుందో తేల్చడమే నా థీసిస్. కాంతిని కొలిచే యంత్రం రిపేరుకి వెళ్ళి ఎన్నాళ్ళైందో మా డిపార్టుమెంటులో ఎవరికీ గుర్తులేదు. అందుకని కళ్ళతోనే చూడాలి. కళ్ళు చీకటికి అలవాటు పడాలంటే కిటికీలకు నల్లగుడ్డ కట్టి, తలుపేసుకుని, ముందు చాలాసేపు ఊరికే కూర్చోవాలి. కూర్చునేది నేనూ, మా ప్రొఫెసరుగారూ.

"పెల్లి కావాల్సిన పిల్లవి. మగోడితో సీకటిగదిలో కూకుంతావా? ఏటనుకుంతన్నావ్?" అన్నారు నాన్న. ఆయన పోర్టులో గుమాస్తా. ఆఫీసులో ఎవరినీ గట్టిగా ఒకమాట అనలేనందుకు కసంతా ఇంట్లో తీర్చుకునేవారు.

నన్ను గట్టెక్కించింది మా మేనత్త. నాన్నకి అక్క, 'అప్పా' అని పిలిచేవారు. మామయ్య పోయాక ఊళ్ళో పొలం కౌలుకిచ్చి మా దగ్గరే ఉండేది. "నాను ఎల్తాన్రా దాన్తోటి. ఇక్కడ కూకుంతే ఏటి, అక్కడ కూకుంతే ఏటి?" అంది. అక్క మాట నాన్న ఎప్పుడూ కాదనలేదు.

అలా రోజూ మధ్యాహ్నం పూర్ణా మార్కెట్ దగ్గర బస్సెక్కి ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఆమె నా చెయ్యి వదిలేది కాదు. నేనంటే అంత ప్రేమని మురిసిపోయేదాన్ని. మొదటిరోజు గదిలోకి రాగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. సల్ఫైడు పొడికి చెమ్మ తగిలితే కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది, సముద్రం ఒడ్డునున్న మా ఊళ్ళో చెమ్మకేం కరువు! "ఒలమ్మా, ఇదేటి కంపు! ఇక్కడ సదువుకుంతారా, గుడ్లు కుల్లబెడతారా?" అంది. ప్రొఫెసరుగారు పగలబడి నవ్వారు. ఆయన నవ్వగలరని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఆ చీకట్లో పెసల ధర గురించీ, వానల గురించీ ఆమెతో ఆయన మాట్లాడినన్ని మాటలు వెలుతురులో నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

దీపం ఒక పెట్టెలో ఉండేది. మీట తిప్పితే టక్కుమని దీపం ఆరిపోయి మూత తెరుచుకునేది. లోపల పళ్ళెంలో నీలం వెలుగు. ప్రొఫెసరుగారు మర్యాదకి అడిగేవారు, "కనపడుతోందా అమ్మా?" అని.

"ఎందుకు అగుపడదు బాబూ! సల్లగా ఎంత బాగుందో!" అనేది అత్త. ప్రతిరోజూ అదే మాట.

ఒకరోజు బిస్మత్ వేయని పొడి పెట్టాం. అది వెలగదని మాకు తెలుసు. వెలగలేదని చూసి రాసుకుంటే తప్ప మిగతా లెక్కకి విలువుండదు, అంతే. ఆ సంగతి అత్తకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. మీట టక్కుమంది. గదంతా కాటుక చీకటి.

"అబ్బ, ఇయ్యాల మరీ బాగుంది బాబూ!" అంది అత్త.

ప్రొఫెసరుగారు "అవునమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవం.

బస్సు దిగి మార్కెట్లో నడుస్తూ అడిగేశాను. "అత్తా, ఇయ్యాల అందులో ఏటీ కలపలేదు. అది ఎలగదు. మరి నీకేటి అగుపడింది?"

ఆమె ఆగిపోయింది. "నాకు మొదట్నుంచీ ఏటీ అగుపడ్లేదే" అంది నెమ్మదిగా. "కంటికి పొరలొచ్చీసి మనుసులే మసగ్గా అగుపడతన్నారు, నీ పొడేటి అగుపడతది?"

"మరి సెప్పాలి కదా!"

"సెప్తే? మీ నాన్న నన్ను ఇంట్లో కూకోబెడతాడు. నా ఎనకే నిన్నూ కూకోబెడతాడు. నీ సదువైపోనీ, తరవాత సూసుకుందాం. ఎవులికీ సెప్పకు. నా మీదొట్టు."

నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. నా థీసిస్ కోసం గుడ్డిదైపోతుందా ఈ మనిషి? ఒట్టు తీసి గట్టున పెట్టి ఆ సాయంత్రమే నాన్నకి చెప్పేశాను. నాన్న అత్త చెప్పినట్టే అన్నారు, "అప్పకి ఆపరేషనయ్యి కళ్ళు బాగయ్యీదాకా నువ్వూ ఎల్లొద్దు." అత్త గోడవైపు తిరిగి పడుకుంది. ఆసుపత్రిలో చేరేదాకా నాతో మాట్లాడలేదు.

ప్రొఫెసరుగారికి చెబితే ఆయన నొచ్చుకున్నారు. ముదిరిన శుక్లం పసుపచ్చగా ఉంటుందనీ, నీలాన్నీ ఊదానీ అదే ముందు ఆపేస్తుందనీ వివరించారు. మేం రోజూ ఆమెని పిలిచి ఆమెకి అందని రంగే చూడమన్నాం.

ఆపరేషనయ్యి కళ్ళు కుదుటపడేసరికి కొన్ని నెలలు పట్టింది. ఆ నెలల్లో సీసాల్లోని నా పొడి సముద్రపు చెమ్మకి పాడైపోయింది. మళ్ళీ మొదటినుంచి కాల్చుకోవాలి, అదీ నాన్న పంపిస్తేనే. అత్త సోడాబుడ్డి కళ్ళద్దాలతో ఇంటికొచ్చి, నాన్నని ఎగాదిగా చూసి, "ముసిలోడివైపోనావురా తమ్ముడూ" అంది. ఆ ఊపులోనే, "రేపట్నుంచి దాన్తో ఎల్తన్నాను" అంది. నాన్న బుద్ధిగా తలూపారు.

కొత్త పొడి తయారైన రోజు ముగ్గురం మళ్ళీ చీకట్లో కూర్చున్నాం. ఆవేళ ఎవరం పెసల ఊసెత్తలేదు. మీట తిప్పాను. పళ్ళెంలో నీలం లేచింది. ప్రొఫెసరుగారు ఎప్పటిలా ప్రశ్న అడగలేదు. అత్త దగ్గర్నుంచి చప్పుడు లేదు. ఆపరేషను ఫలించలేదేమో అనుకున్నాను.

అప్పుడు ఆమె నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"ఒలమ్మా! నాను సెప్పిన అబద్దాలన్నిటికన్నా బాగుందే ఇది."