పదకొండో నెంబరు బెడ్

రాజలింగానికి జబ్బు తగ్గింది గానీ భయం తగ్గలేదు. జబ్బును కొలవడానికి ఆసుపత్రి నిండా యంత్రాలున్నాయి. భయాన్ని కొలిచే తీరిక ఆ రోజుల్లో ఎవరికీ లేదు. అందుకే మంగళవారం పొద్దున డాక్టరు వచ్చి, "కాకా, నడక పరీక్ష ఒక్కటి పాసయితే చాలు, ఈరోజే ఇంటికి పోవచ్చు" అని హిందీలో చెప్పి, మంచి మాట చెప్పానన్న తృప్తితో పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోయాడు. రాజలింగం మాత్రం రెండు చేతులతో మంచం పట్టీని గట్టిగా పట్టుకున్నాడు.

2021 ఏప్రిల్ నెలాఖరు అది, కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. పదిహేడు రోజుల కింద బావమరిది గోపాల్ అతన్ని ఆటోలో పడుకోబెట్టుకొని, నాలుగు ఆసుపత్రుల గేట్ల ముందు బతిమాలి, చివరికి సూరత్ నుంచి కామ్‌రేజ్ వెళ్లే దారిలో ఉన్న ఈ ఇరవై పడకల ఆసుపత్రికి తెచ్చాడు. ఇక్కడైనా అతను పనిచేసే కార్ఖానా సేఠ్ ఫోను చేసి చెబితేనే లోపలికి రానిచ్చారు. అలా దొరికిందే పదకొండో నెంబరు బెడ్.

రాజలింగం సొంతూరు జగిత్యాల దగ్గరి పల్లె. పదహారో ఏట సూరత్ వచ్చాడు. అప్పటినుంచి ఇరవై ఆరేళ్లుగా సాంచల మధ్యనే బతుకు. కరెంటుతో నడిచే మగ్గాన్ని వాళ్లు సాంచ అంటారు. పన్నెండు సాంచలను ఒక్కడే చూసుకుంటాడు. ఆ రొదలో మనిషి మాటే వినపడదు, ఇక సాంచ మూలుగు ఏం వినపడుతుంది? అందుకని అతను చెవిని నమ్మడు, అరచేతిని నమ్ముతాడు. ఇనుప చట్రం మీద చెయ్యి ఆనించి, ఒక్క క్షణం కదలకుండా నిలబడి, ఏ బోల్టు వదులైందో, ఏ పట్టీ అరిగిందో చెప్పేస్తాడు. సేఠ్ కూడా మిస్త్రీని పిలిచేముందు "రాజూభాయ్‌ని ఓసారి చెయ్యి పెట్టి చూడమను" అంటాడు. ఆ మాటంటే రాజలింగానికి లోలోపల గర్వం. ఇంట్లో భార్య ఐలమ్మ చీరలకు మెరుపు రాళ్లు అంటించే పని చేస్తుంది. కూతురు రుచిత పదకొండో తరగతి. లింబాయత్ బస్తీలో రేకులు కప్పిన ఒక్క గది వాళ్లది.

ఆసుపత్రిలో ఊపిరి కాస్త తేరుకున్న రోజు నుంచి ఆ అరచెయ్యి ఊరుకోలేదు. ఇక్కడ సాంచలు లేవు కాబట్టి సొంత రొమ్ము మీదికి చేరింది. పొద్దస్తమానం చెయ్యి గుండె మీదే. ఒక్క దెబ్బ తప్పినట్టు అనిపిస్తే చాలు, ఒళ్లంతా చల్లబడేది. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కేవి. గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టయి ఉమ్మి కూడా మింగుడు పడేది కాదు. చచ్చిపోతున్నానని అరిస్తే నర్సు పరుగెత్తుకొచ్చి ఈసీజీ తీసేది. కాగితం మీద గీతలు శుభ్రంగా ఉండేవి. "కుఛ్ నహీ కాకా, గభ్రాహట్ హై" అనేవాడు డాక్టరు. ఉత్త గాభరా అట! రాజలింగానికి సిగ్గేసేది. సిగ్గుపడినంత మాత్రాన దడ ఆగేది కాదు.

అయితే అతని భయం ఊరికే పుట్టలేదు. పక్కన పన్నెండో బెడ్‌లో వరాఛాలో వజ్రాలు సానబట్టే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆదివారం ఆయన్ని ఇంటికి పంపిస్తామన్నారు. కోడలు పంపిన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, తల దువ్వుకున్నాడు, "ఆవ్‌జో భాయ్" అని రాజలింగానికి చెయ్యి ఊపి బాత్రూంలోకి వెళ్లాడు. మళ్లీ నడిచి బయటికి రాలేదు. ఆ ఇస్త్రీ చొక్కాతోనే నలుగురు మోసుకొచ్చి మంచం మీద వేశారు. గుండెకో ఊపిరితిత్తులకో రక్తం గడ్డ అడ్డం పడిందన్నారు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం ఉన్నన్నాళ్లూ బతికిన మనిషి, ఇంటికి పొమ్మన్న రోజే పోయాడు. రాజలింగం బుర్రలో ఈ లెక్క మేకులా దిగిపోయింది.

డాక్టరు అటు వెళ్లగానే గోపాల్ ఫోను చేశాడు. "బావా, అక్కకు నాలుగొద్దుల సంది జ్వరం. నీకు చెప్పొద్దన్నది. ఇయ్యాల వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ తొంభై ఒకటి వచ్చింది. యాడా బెడ్లు లెవ్వు. సేఠ్ మళ్ల మాట్లాడిండు. నువ్వు లేచిన బెడ్ అక్కకే ఇస్తరట. పెద్ద నర్సు పేరు గూడ రాసుకున్నది."

"తోల్కరా మరి" అన్నాడు రాజలింగం. "ఇయ్యాల నన్ను నడిపిస్తరట. పాసైత."

ఆ నడక పరీక్ష చూడడానికి పిల్లలాట. వేలికి క్లిప్పు తగిలించి, గొట్టం తీసేసి, వరండాలో ఆరు నిమిషాలు అటూ ఇటూ నడిపిస్తారు. క్లిప్పు మీద అంకె తొంభై నాలుగు కంటే దిగకూడదు. బయలుదేరినప్పుడు తొంభై ఆరు. రాజలింగం ఎడమ చేతి వేలికి క్లిప్పు, కుడి చెయ్యి రొమ్ము మీద, కళ్లు రెండూ అంకె మీద. మొదటి మలుపు దగ్గరే గుండె దడదడలాడింది. వరాఛా పెద్దమనిషి వెళ్లిన బాత్రూం తలుపు అక్కడే ఉంది మరి. అంకె తొంభై మూడయింది. చెమటలు పట్టాయి. తొంభై. నర్సు కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. రేపు చూద్దామన్నారు.

మళ్లీ మంచం మీద పడుకోబెట్టి ముక్కుకు గొట్టం తగిలించగానే రాజలింగానికి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. బతికాను, ఇంకొక రోజు ఇక్కడే ఉంటాను అనుకున్నాడు. ఆ నిమిషంలో ఐలమ్మ అతని మనసులో లేదు. నాలుగైదు నిమిషాల తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషిని ఎలా మరిచిపోయాడని మనం అనొచ్చు. మునిగేవాడికి పక్కవాడు కనపడడు. అది దుర్మార్గం కాదు, కానీ ఆ తర్వాత దాంతో బతకడం కష్టం.

బుధవారం పొద్దున ఫోనులో రుచిత గొంతు. "బాపూ, మమ్మీకి సాంస్ అస్తలేదు, దమ్ము ఆడ్తలేదు. బోర్ల పండవెట్టినం. ఎనభై ఎనిమిది చూపిస్తుంది. నువ్వెప్పుడస్తవ్? జల్దీ రా బాపూ, ప్లీజ్."

"అస్త బిడ్డా. ఇయ్యాల పక్కా" అన్నాడు రాజలింగం. అన్నట్టే నడిచి తీరాలని పళ్లు బిగించాడు. ఈసారి కళ్లు అంకె మీదినుంచి తిప్పలేదు, రొమ్ము మీదినుంచి చెయ్యి తీయలేదు. ఎంత జాగ్రత్తగా చూసుకుంటే అంత బాగా నడుస్తానని అతని నమ్మకం. మూడో నిమిషానికే ఎనభై తొమ్మిది. కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకున్నాడు. డాక్టరు స్కాన్ కాగితం తిరగేసి, మరగేసి, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి కదా అని తల గోక్కున్నాడు. గేటు బయట ముప్పై మంది బెడ్ కోసం కాచుకొని ఉన్నారని నర్సు విసుక్కుంది. విసుక్కున్నా మళ్లీ గొట్టం పెట్టక తప్పలేదు.

మధ్యాహ్నం గోపాల్ ఫోను చేశాడు. "నర్సు చెప్పింది బావా. నీకు ఒంట్ల ఏం లేదట, భయపడుతున్నవట. జర ధైర్యం చెయ్యి." అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది. గోపాల్ ఎప్పుడూ బావ మాటకు ఎదురు చెప్పిన మనిషి కాడు, ఆ రోజు కూడా చెప్పలేదు.

గురువారం పొద్దున వరండా తుడిచే భూదేవి అతని మంచం దగ్గర ఆగింది. ఆమెదీ కరీంనగర్ వైపే, భర్త పోయాక ఆసుపత్రి పనికి కుదిరింది. ప్లాస్టిక్ తొడుగులోంచి కళ్లు మాత్రమే కనిపిస్తాయి.

"తమ్మీ, రెండొద్దుల సంది సూస్తున్న. నడిసేటప్పుడు దమ్మెందుకు బిగవడ్తున్నవ్?"

"నేనా? నేనేడ బిగవడ్తున్నక్కా?"

"నువ్వే. రొమ్ము మీద చెయ్యి వెట్టంగనే నీ దమ్ము ఆగుతది. నేను ఇరవై ఏండ్లు సాంచల కాడ నూలు కండెలు వట్టిన. మా ఆయన సాంచ మీద చెయ్యి వెట్టి సూసినప్పుడల్ల గిట్లనే దమ్ము బిగవట్టేటోడు. తన ఒళ్లు కదిలితే సాంచ సంగతి తెల్వదని. నీకు గూడ గదే అలవాటు. సాంచకైతే నడుస్తది. నువ్వు సాంచవా?"

రాజలింగం అనుమానంగా చెయ్యి రొమ్ము మీద పెట్టి చూసుకున్నాడు. ఊపిరి ఆగింది. తీసేశాడు, ఆడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఆగింది. ఇరవై ఆరేళ్లుగా చెయ్యి ఆనించిన ప్రతిసారీ ఇదే జరుగుతోందని అతనికి ఇవాళే తెలిసింది. ఊపిరి బిగబట్టి నడిస్తే అంకె దిగక ఏమవుతుంది? దిగిన అంకె చూసి గుండె కొట్టుకోక ఏమవుతుంది? కొట్టుకునే గుండెను పట్టి చూడడానికి ఇంకా గట్టిగా బిగబట్టాడు. డాక్టర్లకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది, వాళ్లు సాంచ ముఖం చూడలేదాయె.

"చెయ్యి కిందికి ఇడువు. నంబర్ దిక్కు సూడకు" అంది భూదేవి. "నోటితోని ఏమన్న అనుకుంట నడువు. మాట్లాడేటోడు దమ్ము బిగవట్టలేడు. పో, ఇంటిదాన్ని తోల్కచ్చుకో."

ఏమనాలో అతనికి తోచలేదు. దేవుడి పేర్లు కూడా నోటికి రాలేదు. ఊరికి పోయే రైలు దారి గుర్తొచ్చింది. "ఉధ్నా, బార్డోలీ, నందుర్‌బార్" అని పైకి అంటూ నడిచాడు. బాత్రూం తలుపు ఎదురైంది. "జల్‌గావ్, భుసావల్, అకోలా" అన్నాడు ఇంకా గట్టిగా. గుండె కొట్టుకుంటూనే ఉంది, కొట్టుకోనిచ్చాడు. వేళ్లు తిమ్మిరెక్కాయి, ఎక్కనిచ్చాడు. బల్లార్షా దాటి మంచిర్యాల చేరేలోపు నర్సు చాలన్నది. తొంభై ఐదు.

సాయంత్రం నాలుగింటికి ఐలమ్మను తెచ్చారు. గేటు దగ్గర ర్యాంపు మీద ఆమె స్ట్రెచర్ ఎక్కుతుంటే రాజలింగం మందుల సంచి పట్టుకొని దిగుతున్నాడు. ఆమె పెదవులు నల్లబడి ఉన్నాయి. అతన్ని చూసి మాస్కు కొంచెం పక్కకు జరిపింది.

"సగమైనవ్" అంది. కాసేపు ఊపిరి కూడదీసుకొని, "పిల్ల ఒక్కతే ఉన్నది. నువ్వు పో" అంది.

వార్డుబాయిలు స్ట్రెచర్ తోసుకుపోయారు. రాజలింగం గేటు దాటి రోడ్డు మీద నిలబడగానే భయం మళ్లీ వచ్చి మీద పడింది. గొట్టం లేదు, క్లిప్పు లేదు, నర్సు లేదు. వెనక్కి తిరిగి ఊపిరాడడం లేదని ఒక్క మాటంటే లోపలికి తీసుకుంటారని అతనికి తెలుసు. తన మంచం మీద ఎవరున్నారో కూడా తెలుసు. "ఉధ్నా, బార్డోలీ" అనుకుంటూ గోపాల్ ఆటో ఎక్కాడు.

ఆదివారం పొద్దున ఆసుపత్రి నుంచి రమ్మని ఫోను వచ్చింది. రుచితను పక్కింట్లో వదిలి బావా బావమరిది ఇద్దరూ వెళ్లారు. అదే డాక్టరు. రోజుకు ఇన్ని చావులు చూసి ఆయన కళ్లు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. మాస్కు వెనక ఉన్న రాజలింగాన్ని ఆయన పోల్చుకోలేదు. చేయగలిగిందంతా చేశామని, తెల్లవారుజామున పోయిందని చెప్పాడు. తర్వాత అందరితోనూ అన్నట్టే అన్నాడు.

"చాలా ఆలస్యంగా తెచ్చారు. ఒక్క రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బతికేది. ఎందుకు తేలేదు?"

గోపాల్ బావ వైపు చూడలేదు. "బెడ్ దొరకలే సార్" అన్నాడు.

"దొరికింది సార్. దాంట్ల నేనే పండుకున్న" అనడానికి రాజలింగం నోరు తెరిచాడు. గోపాల్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నడువు బావా" అన్నాడు. "కాగితాల మీద నువ్వే సంతకం పెట్టాలె."