మారిట్ కోసిన తోక

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు బాగుచేస్తూ ముప్ఫై ఏళ్లు ఊళ్లు తిరిగాను. యంత్రాల కంటే వాటి ముందు కూర్చునేవాళ్లే ఎక్కువ పాడవడం చూశాను. మారిట్ ఎస్టెన్‌సన్ వాళ్లలో ఒకతె. విస్కాన్సిన్ పాడి రైతుల పిల్ల. చిన్నప్పుడు తెల్లారకముందే లేచి ఆవుల పొదుగులు కడిగిన అలవాటు. ప్రయోగశాలకీ అందరికంటే ముందే వచ్చేది.

ఆమె పరిశోధన ఇది. అండమో వీర్యకణమో తయారయ్యే ముందు, తల్లి ఇచ్చిన క్రోమోజోమూ తండ్రి ఇచ్చిన క్రోమోజోమూ ఒకదాన్నొకటి వెతుక్కుని, పక్కపక్కన చేరి, నిలువునా జిప్పు వేసుకున్నట్టు అతుక్కుంటాయి. కొన్ని ముక్కలు మార్చుకుని విడిపోతాయి. ఆ జిప్పు సరిగా పడకపోతే చాలాసార్లు కడుపు నిలవదు. ప్రొటీన్లతో తయారైన దాని పళ్ల ఆకారం అణువు అణువుగా చూడాలన్నది మారిట్ పట్టుదల. ఎందుకని ఒకసారి అడిగాను.

"మా అక్కకి నాలుగుసార్లు పోయింది" అంది, కాఫీ కప్పు కడుక్కుంటూ. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆమె ప్రొఫెసరు వెండెల్ ప్రౌటీ దగ్గర ఒక ఆచారం ఉండేది. ఎవరికైనా కొత్త ఆకారం కనిపిస్తే షాంపేన్ తెరిచి, ప్లాస్టిక్ గ్లాసుల్లో పోసుకు తాగి, ఖాళీ సీసా మీద వాళ్ల పేరు రాసి కిటికీ పైన అలమరలో నిలబెట్టేవారు. సీసా ఎక్కిందంటే డాక్టరేటు వచ్చినట్టే. మారిట్ సీసా నాలుగో ఏట ఎక్కింది. మైక్రోస్కోపు పంపు మార్చడానికి వెళ్లిన నేనూ ఒక గ్లాసు తాగాను. తెర మీద పొడుగాటి పోగులు, దువ్విన జుట్టులా. జిప్పు ప్రొటీన్లు ఒకదాని వెంట ఒకటి బారులు తీరాయన్నమాట.

"ఇంక నీకేం, మహాతల్లీ, డాక్టరమ్మవైపోయావు! మా మొహాలు గుర్తుంటాయా?" అన్నాడు తోటి విద్యార్థి టోబిన్.

ఒకప్పుడు పెద్ద పెద్ద ఖగోళవేత్తలు కుజుడి మీద కాలువలు చూశారు. పటాలు గీశారు, వాటికి పేర్లు పెట్టారు. అక్కడ కాలువల్లేవు. కంటికి గీతలు కావాలి, గీతలు కనిపించాయి, అంతే. నవ్వుకోనక్కర్లేదు, మనమూ అంతే.

మారిట్‌కి మాత్రం పోగులు మరీ తీరుగా ఉండటం నచ్చలేదు. "ఆవు మరీ బుద్ధిగా నిలబడితే మా నాన్న ముందు దాని కాలు చూసేవాడు" అంది నాతో.

ఈ వృత్తిలో ఒక పద్ధతుంది. బ్యాక్టీరియాలో పెంచిన ప్రొటీన్‌ని మిగతా వేల ప్రొటీన్లలోంచి లాగడానికి దాని చివర చిన్న తోక తగిలిస్తారు. నికెల్ పూసలు ఆ తోకను పట్టుకుంటాయి. పనయ్యాక తోక కోసెయ్యాలి. చాలామంది కొయ్యరు, చిన్నదేగా, ఏం చేస్తుందిలే అనుకుంటారు. మారిట్ కోసింది. పోగులు మాయమయ్యాయి. పూసల నుంచి రాలిన నికెల్, తోకకీ తోకకీ ముడి వేసిందన్నమాట. నాలుగేళ్లు కష్టపడి ఆమె చూసింది ఆ ముళ్లనే.

ప్రౌటీ గదిలో జరిగింది ఆమే చెప్పింది, ఒక శుక్రవారం వేయించిన చేపల ముందు కూర్చుని, ఒక్క ముక్కా ముట్టకుండా.

"నిన్నెవరు కొయ్యమన్నారు, మారిట్?"

"ఎవరూ అనలేదు, వెండెల్."

"ఒకసారి చేసి చెప్పేస్తే ఎలా?"

"పదకొండుసార్లు చేశాను."

"అయితే పన్నెండోసారి చెయ్యకు. మేలో నీ కమిటీ కూర్చుంటుంది. కోసిన సంగతి థీసిస్‌లో పెట్టకు. రాసింది అబద్ధమేం కాదు కదా, తోకతో పోగులు వస్తాయి. అంతవరకే రాయి."

"మరి జిప్పు?"

"జిప్పు సంగతి తర్వాతివాళ్లు చూసుకుంటారు."

ఆమె రాయనంది. మళ్లీ మొదటినుంచి మొదలుపెడతానంది. అంతకాలం నిన్ను ఉంచుకోలేనన్నాడు. కమిటీలో ముగ్గురు పెద్దలు ఆమె నిజాయితీని ఎంతో మెచ్చుకున్నారు. మెచ్చుకుని, డాక్టరేటు బదులు మాస్టర్స్ పట్టా చేతిలో పెట్టి పంపించేశారు.

పోగుల్ని టోబిన్ అందుకున్నాడు. "నీకు అనుమానం జబ్బు, మారిట్. నాకు లేదు, ఏం చెయ్యను?" అన్నాడు, ఆమె పుస్తకాలు పెట్టెలో సర్దిపెడుతూ. సాయానికే వచ్చాడు, పాపం. అలమరలో సీసా మాత్రం ఎవరూ దించలేదు.

ఆరేళ్ల తర్వాత ఒహాయోలో ఒక మైక్రోస్కోపు చల్లబడటం లేదని, గడ్డకట్టించిన నమూనాలకి ఫొటోలు తీయలేకపోతున్నామని పిలిస్తే వెళ్లాను. దాన్ని నడిపేది మారిట్. ఇతరుల నమూనాలు యంత్రంలో పెట్టి, ఫొటోలు తీసి ఇవ్వడం ఆమె ఉద్యోగం. ఒక విద్యార్థి, యంత్రం పాడవకముందు తీసిన తన నమూనా ఫొటోలు చూస్తూ గంతులేస్తున్నాడు. తెర మీద అవే పోగులు, దువ్విన జుట్టులా.

"తోక కోశావా?" అంది మారిట్.

"అక్కర్లేదండీ. ప్రౌటీ వాళ్ల పేపర్లోనే కొయ్యలేదు." టోబిన్ పేరు ముందున్న ఆ పేపరు తీసి చూపించాడు. "అరె, చివర్లో కృతజ్ఞతల్లో మీ పేరుందే! మీరేనా?"

"నేనే. ఆ పోగులు నికెల్ వేసిన ముళ్లు. కోసి చూడు, ఒక్కటీ మిగలదు."

కుర్రాడు నవ్వు ఆపేశాడు. ఆమెకేసి, పేపరుకేసి, గోడ మీద క్యాలెండరుకేసి చూశాడు.

"మేలో నా కమిటీ ఉందండీ" అన్నాడు నెమ్మదిగా. "ఇంకో వంద ఫొటోలు తీసిపెడతారా?"

మారిట్ నావైపు తిరిగింది. "యంత్రం చల్లబడిందా?"

ఇంకా లేదని అబద్ధం చెప్పొచ్చు. చల్లబడిందన్నాను. ఆమె తలుపు బిగించి, మీట నొక్కింది.