కింది వాటా వసుంధర గారు

ఈ ఉదయం మా అమ్మాయి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని డిజిటల్ పియానో ముందు కూర్చుంది. పాట దాని చెవులకే వినిపిస్తుంది. వంటింట్లో ఉన్న నాకు మాత్రం పియానో మెట్లు, అదే కీలు, దిగి లేస్తున్న చప్పుడే, ఎవరో బల్ల మీద వేళ్లతో కొడుతున్నట్టు, టకటకమని వినపడింది. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నా వాయింపుని వసుంధర గారు మొదట విన్నది ఆ చప్పుడుగానే.

అప్పట్లో నేను ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తూ, జగ్గయ్యపేటలో ఒక ఇంటి పైవాటాలో అద్దెకుండేదాన్ని. కింది వాటాలో ఇంటివాళ్లు, వసుంధర గారు, ఆవిడ భర్త రాఘవరావు గారు. ఆవిడ నందిగామలో ఒక స్కూల్లో సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆ స్కూలు వాళ్లు వదిలించుకుంటున్న పాత పియానోని లారీలో వేయించి ఇంటికి తెచ్చుకున్నారు. ఇక నాకు చిన్నప్పటి నుంచీ వీడియో గేములంటే ఇష్టం. ఆటకంటే దాని వెనక వచ్చే సంగీతం మరీ ఇష్టం. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఆ సంగీతాన్ని పియానోకి తగ్గట్టు మలిచి, రికార్డు చేసి, అదే పిచ్చి ఉన్నవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో పెట్టేదాన్ని. కింది వాళ్లకు ఇబ్బంది కాకూడదని నా డిజిటల్ పియానోకి హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వాయించేదాన్ని.

ఒక ఆదివారం మోటారు వెయ్యడానికి కిందికి దిగితే ఆవిడ పిలిచారు.

"ఏమ్మా, పైన రోజూ వాయించేది నువ్వేనా?"

"చప్పుడవుతోందా ఆంటీ? కింద దుప్పటి వేస్తా."

"చప్పుడు గురించి కాదులే. నాకు పాట వినపడదుగా, నీ వేళ్ల దెబ్బలే వినపడతాయి. ఒకటే వరస మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిసారీ ఒకేలా ఎందుకు కొడతావు?"

గేములో ఆ సంగీతం అలాగే తిరుగుతుంటుందని చెప్పాను. ఆవిడ ఎప్పుడూ గేము చూడలేదు. చూపించమన్నారు. ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాను. మంచు కొండల మీద ఒకమ్మాయి ఒంటరిగా నడుచుకుంటూ వెళ్లే ఆట అది. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఈ పిల్ల నడిచినంతసేపూ ఇదే వస్తుందన్నమాట. నడిపించేది నువ్వే కాబట్టి నీకు విసుగు పుట్టదు. పియానో దగ్గర కూర్చుంటే ఈ పిల్ల ఉండదుగా! మరి వినేవాళ్లు ఎవరి వెనక నడవాలి?"

అప్పటిదాకా నేను ఉన్న స్వరాలను ఉన్నట్టుగా దింపడమే పని అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆ అమ్మాయిని పాటలోకి తేవడం మొదలుపెట్టాను. మొదటి చుట్టులో ఆమె ఉత్సాహంగా నడుస్తుంది. రెండో చుట్టులో ఎడమచేతి కింద గాలి లేస్తుంది. చివరికి అలసిపోయి, ఒంటివేలితో వాయించినంత సన్నగా మిగులుతుంది. కింది వాటాకి పోయి ఆవిడ పియానో మీద వాయించి చూపిస్తే, "ఇప్పుడు నాక్కూడా కాళ్లు లాగుతున్నాయి" అన్నారు. అంతకుమించి మెచ్చుకోలేదు.

గ్రూపులో పెట్టాను. ఎప్పట్లాగే 'సూపర్', 'అదిరింది' అని వచ్చాయి. ఒకతను మాత్రం పేజీడు రాశాడు. ఎడమచెయ్యి బరువైపోయి పాటకి ఊపిరాడటం లేదన్నాడు. గాలి లేచే చోట నేనే కంగారుపడిపోతున్నాను తప్ప ఆ అమ్మాయి కంగారుపడటం లేదన్నాడు. ఏడుపొచ్చింది. రికార్డింగు తీసేద్దామనుకుంటూ కిందికెళ్లి ఆవిడకు చదివి వినిపించాను.

"ఈయనెవరో చాలాసార్లు విన్నాడమ్మా. వినకుండా ఇంత రాయలేడు. సూపర్ అన్నవాళ్లు చివరిదాకా విన్నారో లేదో."

"అయినా అంత మొహం మీదా ఆంటీ?"

"నీ మొహం సంగతి ఆయనెక్కడన్నాడు? పాట గురించి అన్నాడు. నువ్వు కాస్త పక్కకి జరుగు, దాన్ని చూడనీ."

జరిగాను. అతను చెప్పినచోట ఎడమచేతిని తేలిక చేస్తే, నిజంగానే పాట ఊపిరి తీసుకుంది.

ఆ తరువాత ఏడాది, నందిగామ స్కూలు పాత విద్యార్థులు కలుసుకుంటూ ఆవిడను వాయించమని అడిగారు. ఆవిడ నాకు తెలియకుండా నా గేములోదే ఇంకో పాట తీసుకున్నారు. ఆ అమ్మాయి గడ్డకట్టిన చెరువు దాటేటప్పుడు వచ్చే పాట. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి వాయించారు. ఎడమచేతి కింద చెరువు కదలకుండా పరుచుకుంది. కానీ కుడిచెయ్యి పై స్వరాలకి వెళ్లినప్పుడల్లా అవి చెవుల్లో సూదుల్లా గుచ్చుకున్నాయి. అంత మెత్తగా వాయించే మనిషి ఆ మెట్లను సుత్తితో కొట్టినట్టు కొడుతున్నారు.

"బాగుందాంటీ" అన్నాను.

"బాగుంటే నీ మొహం అలా ఎందుకుంది?"

ఏదో పనుందని పైకొచ్చేశాను. మర్నాడు ఫ్యాక్టరీ బస్సులో లారీల వెనక నెమ్మదిగా పోతున్నంతసేపూ అదే ఆలోచన. చెబితే ఆవిడ చిన్నబుచ్చుకుంటారేమో. చెప్పకపోతే, తను పాఠాలు చెప్పిన పిల్లలందరి ముందూ అలాగే వాయిస్తారు. సాయంత్రం బ్యాగు కూడా దించకుండా కింది వాటా తలుపు కొట్టాను.

"ఆంటీ, ఆ పై స్వరాలు గుచ్చుకుంటున్నాయి. మరీ గట్టిగా పడుతున్నాయి."

ఆవిడ ఆశ్చర్యపోయారు. "గట్టిగానా? ఆ మెట్లు సరిగ్గా పలకట్లేదనే కదమ్మా అంత నొక్కుతున్నా."

ఒకటి నొక్కి చూపించారు. అది ఖంగుమని మోగింది. ఆవిడ నా ముఖం చూశారు. పడకకుర్చీలోంచి రాఘవరావు గారు నెమ్మదిగా అన్నారు, "పొద్దున పాలవాడు బెల్లు కొడితే నువ్వు పలకవు వసూ. పనిలో ఉన్నావనుకుంటున్నా ఇన్నాళ్లూ."

ఆవిడ పియానో మూత వేసేశారు. "రేపు మాట్లాడదాంలే అమ్మా."

రేపు రాలేదు. కింది వాటా మూగబోయింది. మేడమెట్ల దగ్గర ఎదురైతే నవ్వేవారు, అంతే. అనవసరంగా నోరు విప్పానని నన్ను నేను తిట్టుకుంటూ తిరిగాను. విజయవాడ వెళ్లి చెవుల డాక్టరుకు చూపించుకొచ్చాక ఆవిడే పిలిచారు.

"పై స్వరాలు పోయాయటమ్మా. ఇంకా తగ్గొచ్చట. చెవి మిషను పెట్టి చూశాడు, పియానో రేకు డబ్బాలా వినపడింది." పియానో మూత తీశారు. "మాటలకైతే పెట్టుకుంటా. వాయించడానికి మాత్రం, నాకు వినపడే చోటికి పాటనే దింపుకుందాం. కూర్చో."

వారాల తరబడి కూర్చున్నాం. పై స్వరాలన్నీ కిందికి తెచ్చారు. చెరువు మీద నడుస్తున్న అమ్మాయి పోయి, మంచు అడుగున చీకట్లో మెల్లగా కదిలే నీళ్లు వచ్చాయి. అసలు పాటలో లేని లోతు అది. ఎక్కడ మందమైపోతోందో నేను చెప్పేదాన్ని. కొన్ని ఒప్పుకున్నారు, కొన్నింటికి నాతో గట్టిగా పోట్లాడారు.

నందిగామ హాల్లో ఆవిడ వాయిస్తుంటే కుర్చీ జరిగిన చప్పుడు కూడా లేదు. తల నెరిసిన విద్యార్థులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు చిల్లకల్లు దగ్గర కారాపుకుని టీ తాగుతుండగా అడిగారు.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడ బాగాలేదు?"

"చివర్లో తొందరపడ్డారాంటీ."

"పడ్డా" అని పకపకా నవ్వారు. తరువాత గ్లాసు పక్కన పెట్టి, "ఆ రోజు నా చెవుల సంగతి బయటపడిందే, ఆ మాట అనడానికి తలుపు కొట్టినప్పుడు నీకు భయమేసిందా?" అన్నారు.

"చాలా వేసింది."

"నీ మొహంలో కనపడింది. లేకపోతే నీ మాట నమ్మేదాన్ని కాదు."

పెళ్లయ్యాక నేను నందిగామ వచ్చేశాను. ఆవిడ కిందటేడు కన్నుమూశారు. గ్రూపులో ఇప్పుడు నేనే పాతదాన్ని. కొత్తవాళ్లు తాము మలిచిన పాటలు పంపి, ఎలా ఉందో చెప్పమంటారు. ఉన్న లోపం రాయబోతుంటే, ఆ రోజు తలుపు కొట్టినప్పటి భయమే వేస్తుంది. ఒక్కోసారి వెయ్యదు. అప్పుడు, నేను సరిగ్గా వినలేదేమోనని, రాయను. వెనక్కి వెళ్లి, పాట మళ్లీ వింటాను.