అత్త చెవిలో పదో తీగ

కోరాపుట్‌లో పొద్దున్నే రాయగడ రైలెక్కాం, నేనూ మా మేనత్తా. మిషన్ బడి టీచరైన అత్తకి పెద్దయ్యాక వినికిడి పోతే, చాలా ఏళ్ల కిందట చెవి లోపల కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు. ఈమధ్య అందులో మాటలు గరగరమంటున్నాయి. లోపలి ఎలక్ట్రోడ్లు, అంటే శబ్దాన్ని కరెంటుగా పంపే సన్నటి తీగలు, పాడైతే మళ్లీ ఆపరేషను. దానికంటే చెవిటిదానిగా ఉండిపోతానంటుంది అత్త. తేల్చాల్సింది రాయగడకి అప్పుడప్పుడూ వచ్చే ఆడియాలజిస్టు, వినికిడి పరీక్షించేవాడు.

ఈ దారిలో వెళ్లేవారికి సలహా: ఇడ్లీ ఇంట్లోనే తినేయండి. సొరంగాల్లో చట్నీ ఎక్కడుందో కనిపించదు.

సొరంగం రాగానే, రైలు మోత భరించలేక అత్త చెవి వెనక తగిలించుకునే ఇంప్లాంటు మిషను తీసేసింది. అది తీస్తే పక్కన పిడుగు పడినా ఆమెకు వినపడదు. లైట్లు లేని పెట్టెలో, ఆ చీకట్లో, "ఆఁ, వస్తన్నానండీ" అంది మెల్లగా.

వెలుగొచ్చేసరికి ఎదుటి సీట్లోని రైల్వే ఉద్యోగి ఒకాయన కాళ్లు పైకి లాక్కుని ఉన్నాడు. "ఎవులితోటమ్మీ మాటాడతంది?"

"రాంగ్ నంబరండీ" అన్నాను. అత్త అలా పలికేది పోయిన మావయ్య ఒక్కడికే. ఆ సంగతి ఆ ఉద్యోగికి చెప్పలేదు.

పదకొండింటికి రాయగడ. టీ తాగి ఆటోలో వెళ్లాం. ఆడియాలజిస్టు మిషనుకి కంప్యూటరు తగిలించి ఒక్కో ఎలక్ట్రోడుకీ కరెంటు పంపుతున్నాడు. పీప్‌మని వినపడితే చెయ్యెత్తాలి. అత్త చెయ్యి ఠంచనుగా లేస్తోంది. పదోదాని దగ్గర అతను నాకు తెర చూపించాడు: తీగ తెగింది, కరెంటు దాటడం లేదు. అత్త చెయ్యి లేచింది. అతను మీట మీంచి వేళ్లు తీసి చేతులు కట్టుకున్నాడు. మళ్లీ లేచింది. ఎవరూ ఏమీ పంపని ఆ గదిలో, కళ్లు మూసుకున్న అత్త చెయ్యి లేస్తూ దిగుతూనే ఉంది. దెయ్యమే అయితే, టైమ్‌టేబుల్ పాటించే దెయ్యం.

అతను మిషను మైకు మళ్లీ వేశాక అత్త భుజం తట్టాను. "ఏం వినపడిందత్తా?"

"ఏటీ నేదే. పోయినసారీ ఇలాగే ఎత్తేను. నేదంటే మల్లీ తల కోసెత్తారని."

అతను నవ్వలేదు. "అప్పుడు బలహీనంగానైనా కరెంటు దాటేది. మీరు వినపడుతోందంటే నమ్మి దాని మీద కూడా మాటలు పంపాను. గరగర అందుకే మేడమ్."

తెగిన దాన్ని ఆపేసి, దాని వాటా మిగతావాటికి పంచాడు. అవన్నీ కొత్తల్లో ఉన్నట్టే పనిచేస్తున్నాయట. ఆపరేషనక్కర్లేదు. కొన్నాళ్లు గొంతులు తేడాగా ఉంటాయన్నాడు.

చేపల పులుసుతో భోంచేసి తిరుగు రైలెక్కాం. "ఇప్పుడెలా ఉందత్తా?"

అత్త నా చెయ్యి పట్టుకుని నా పెదాలకేసి చూసింది. తర్వాత నా వెనక్కి చూసింది. "మాటలన్నీ తెలుస్తన్నాయి. గొంతే నీది కాదు. ఎవులు?"

"నేనే."

"ఎవులు?" అంటూ నా చెయ్యి వదిలేసింది.

జోకొకటి సిద్ధంగానే ఉంది. ఎవరి గొంతుతో వినపడుతుందో తెలియక మింగేశాను. వచ్చే స్టేషన్ల పేర్లు, గోడల మీద ప్రకటనలు పైకి చదవడం మొదలుపెట్టాను. వెళ్లిన పని సవ్యంగానే అయింది. అయినా అత్త పక్కన నాకే చోటు లేనట్టుంది.

టికిరి స్టేషను దాటాక చదవడం ఆపాను.

"సదువే అమ్మీ" అంది అత్త, నా చెయ్యి వెతుక్కుంటూ. "ఈ గొంతు నీదని నేర్సుకోవాల కదా."