పొగగూడు కింద పాట

మా అమ్మకు రెండు గొంతులుండేవి. ఆదివారం చర్చిలో, మా మాటలో గుడిలో, పాడే గొంతు ఒకటి, వంటింట్లో పాడే గొంతు ఇంకొకటి. గుడి గొంతు ఆళ్ళగడ్డలో మా పేట అంతటికీ తెలుసు. అమ్మ కీర్తన ఎత్తుకుంటే తప్ప మిగతావాళ్ళకు నోరు పెగిలేది కాదు. వంటింటి గొంతు నాకొక్కదానికే తెలుసు. నాకు కావలసింది ఆ రెండోదే.

డెబ్బైల మొదట్లోని మాట ఇది. నాకు తొమ్మిదేళ్ళు. నాయన బళ్ళో అయ్యవారు. మేముండేది చవుడు మిద్దె, బాడుగ ఇల్లు. వంటింటికి కిటికీ లేదు. సందులోకి తెరుచుకునే తలుపొకటి, మిద్దె కప్పులో గవాచి ఒకటి. పొగ పోవాలన్నా వెలుతురు రావాలన్నా ఆ గవాచే దిక్కు, వానొస్తే దాని మీదా బండ మూసేవాళ్ళం. పొయ్యిలోకి కంది కట్టె, పత్తి కట్టె. పత్తి కట్టె కాస్త పచ్చిగా ఉందంటే పొగకు గవాచి దారి గుర్తుండేది కాదు, ఇల్లంతా చుట్టపుచూపుగా తిరిగి పరుపుల్లో కూడా పడుకునేది.

అయినా అమ్మ తలుపు వేసుకునే వంట చేసేది. గాలి కొడితే మంట పక్కకు పోయి జొన్నరొట్టె ఒకవైపే మాడుతుందని చెప్పేది. అది అబద్ధం కాదు గానీ, అసలు సంగతి పాట. అమ్మ పుట్టింది దొర్నిపాడు పక్కన ఒక పల్లెలో, కూలి చేసుకునే ఇంట్లో. పెళ్ళికి ముందు కలుపు తీస్తూ నేర్చుకున్న పాటలవి. బావల్ని ఆడిపోసుకునేవి, అత్తల్ని తిట్టేవి, ఎండని, భూమి ఆసామిని కలిపి ఎగతాళి చేసేవి. అయ్యవారి భార్య, అందులోనూ గుడిలో కీర్తన ఎత్తుకునే మనిషి, పాడదగ్గవి కావవి. తలుపు వేసి, పొయ్యి రాజేసి, పిండి మీద చెయ్యి పడగానే సన్నగా మొదలుపెట్టేది. రొట్టె తడుతుంటే ఆ దెబ్బే తాళం.

నేను పీట వేసుకుని లోపలే కూర్చునేదాన్ని. కళ్ళు మండేవి, ముక్కు కారేది. "బయటికి పో పాపా, కండ్లు పోతాయి" అనేది అమ్మ. "పోను" అనేదాన్ని. పొగలో ఆమె ముఖం సరిగా కనిపించేది కాదు. గొంతు మాత్రం పక్కనే ఉండేది. గుడిలో అమ్మ అందరికోసం పాడేది. ఇక్కడ ఎవరికోసమూ కాదు, నాకోసం కూడా కాదు. అందుకే నాకంత ఇష్టం.

ఆ పొగే ఆమె గొంతు మీదికి వచ్చింది. మొదట పొద్దున దగ్గేది, తర్వాత పగలంతా. ఒక ఆదివారం కీర్తన రెండో చరణంలో గొంతు పూడిపోయి నిలిచిపోయింది. గుడంతా వెనక్కి తిరిగి చూసింది. నాయన ఆ వారమే ఆమెను నంద్యాల తీసుకుపోయాడు. డాక్టరు మందు రాసిచ్చి, పొగ మానకపోతే ముందు పాట పోతుంది, తర్వాత ఊపిరికే కష్టమని చెప్పాడట. తిరుగు బస్సు దిగాక నాయన ఒకే మాట అన్నాడు. "పొయ్యి మింద గూడు కట్టిస్తా."

సంతలో డబ్బాలకు, దీపాలకు మాట్లు వేసే సాయిబు ఉండేవాడు. నాయన చెప్పింది విని నవ్వకుండా ఇంటికి వచ్చి, ముందు అమ్మను పొయ్యి దగ్గర కూర్చోమన్నాడు. "గరిటె ఎత్తక్కా" అన్నాడు. ఎత్తింది. "ఇప్పుడు లెయ్." లేచింది. దారంతో కొలిచి ముడి వేసుకున్నాడు. "తల తగలగూడదు, మంట అందగూడదు, పొగ తప్పిచ్చుకోగూడదు. ఈ మూడిటికీ కుదిరే ఎత్తు ఒకటే ఉంటాది అయ్యవారూ" అన్నాడు. మా నాయన లెక్కలు చెప్పే మనిషి. ఆ మాటకు సాయిబుకు పడిపోయాడు.

కిరసనాయిలు డబ్బాలు కోసి, చదును చేసి, వాసన పూర్తిగా పోయేదాకా బూడిదతో తోమించి, బోర్లించిన గంపలాంటి గూడు చేశాడు. పొయ్యి కంటే నాలుగు పక్కలా జానెడు ఎక్కువ. చేతులు కోసుకోకుండా అంచు లోపలికి మడిచాడు. గొట్టం గవాచిలోంచి పైకి పోయి పిట్టగోడ కంటే ఎత్తు లేచింది, దాని నెత్తిన వానకు ఒక రేకు టోపీ. గొట్టం పోయే చోట కప్పు మోసే దంతెలకు తగలకుండా ఖాళీ వదిలి, ఆ సందు రాళ్ళతో, మట్టితో పూడ్చాడు. "రేకు కాగుతాది. కట్టెకు తగిలిందంటే మీ మిద్దే మీకు పొయ్యయితాది" అని హెచ్చరించాడు.

పొయ్యి రాజేశారు. పొగ గూట్లోకి పోయినట్టే పోయి తిరిగి మా ముఖాల మీదికి వచ్చింది. నాయన ముఖం వాడిపోయింది. సాయిబు చుట్టూ చూసి, "తలుపు యాల ఏసినారు?" అన్నాడు. అలవాటుగా వేసింది అమ్మే. "లోపలికి గాలి రాకుంటే బయటికి పొగ యాడ పోతాది? పొయ్యి మండేంతసేపూ తలుపు తెరిచుండాల. పదైదు దినాలకోసారి మసి దులపాల. మసికి జిడ్డు పట్టిందంటే గూట్లోనే మంట అంటుకుంటాది" అంటూ వెళ్ళి తలుపు బార్లా తెరిచాడు. పొగ చెప్పినమాట వినే పిల్లలా తిరిగి గొట్టంలోకి పోయింది. నాయన చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. అమ్మ గూడు వైపు చూడలేదు, తలుపు వైపే చూసింది.

సందుకు అవతల పాస్టరుగారి ఇల్లు. ఆ అరుగు మీద పాస్టరుగారి తల్లి పొద్దున్నే వచ్చి కూర్చుంటే ఎండ ముఖానికి తగిలేదాకా లేచేది కాదు. మంచి మనిషే. పండక్కి మాకు అరిసెలు పంపేది. మర్నాడు అమ్మ రొట్టెలు తడుతూ, తలుపు సంగతి మరిచిపోయి, పాట ఎత్తుకుంది. రెండు చరణాలైనా కాలేదు. అరుగు మీదినుంచి ముసలామె నవ్వుతూ కేకేసింది.

"ఏమ్మే, అయ్యవారమ్మా! యా చేన్లో కలుపు తీస్తాండావు?"

అమ్మ కూడా నవ్వింది. నవ్వి, పిండి చేత్తోనే నోరు తుడుచుకుంది. మిగతా రొట్టెలన్నీ పాట లేకుండా తట్టింది. ముసలామెలో చెడు లేదు, ఆ మాటలో చెడు లేదు. కానీ దొర్నిపాడు చేన్లోంచి అయ్యవారి ఇంటికి రావడానికి అమ్మ ఎంత దూరం నడిచిందో ముసలామెకు తెలియదు. ఒక్క మాటతో మళ్ళీ అక్కడే నిలబెట్టింది. ఆ రోజు తర్వాత అమ్మ వంటింట్లో పాడలేదు.

దగ్గు మాత్రం తగ్గింది. నెల తిరిగేసరికి గుడిలో గొంతు మునుపటికంటే బాగా లేచింది. అందరూ నాయన్ని మెచ్చుకున్నారు, పొగగూడు చూడటానికి ఇంటికి వచ్చారు. నాయన సాయిబు చెప్పిన నియమాలన్నీ పాఠంలా అప్పగించేవాడు. నాకు ఆయన మీద కోపం వచ్చేది. ఆయన తప్పేమీ లేదని తెలిసి మరీ వచ్చేది. తలుపు మూసుకునేటట్టు, గాలికి గోడ అడుగున ఒక బొక్క కొట్టించమని నాయన్ని అడిగాను. "బాడుగింటి గోడకు బొక్కేందే?" అని కసిరాడు. ఎందుకు అడుగుతున్నానో నేను చెప్పలేదు. చెబితే పాట బయటపడుతుంది.

ఇక ఉండలేక ఒక పొద్దున అమ్మ పిండి కలుపుతుండగా చప్పుడు కాకుండా తలుపు మూసి, పీట వేసుకుని కూర్చున్నాను. అమ్మ నా వైపు చూసింది. ఎందుకు మూశానో ఆమెకు తెలిసిందనే అనుకుంటాను. పెదవి విప్పబోయింది కూడా. అంతలో పొగ గూడు దిగి కమ్ముకుంది. పాటకు బదులు దగ్గు వచ్చింది. గోడ పట్టుకుని కూలబడేదాకా వచ్చింది. పరిగెత్తి తలుపు తెరిచింది నేనే. మళ్ళీ ఎప్పుడూ మూయలేదు.

ఎనభైల్లో నాయనకు నంద్యాల బదిలీ అయింది. గ్యాసు పొయ్యి వచ్చింది. ఆ ఇంటి వంటిల్లు నడిమధ్యన ఉండేది, ఎండుమిరపకాయల తిరగవాత పెడితే వీధి గుమ్మం దాకా అందరం దగ్గేవాళ్ళం. నాయన పాత దిగులుతో వెంటనే ఎగ్జాస్టు ఫ్యాను కొన్నాడు. కరెంటు పనివాడు దాన్ని పొయ్యి నెత్తిన కాకుండా కాస్త పక్కకు, తలుపుకు ఎదురుగా ఉన్న బయటి గోడ మీద ఎత్తులో బిగించాడు. రెక్కలు కడగాలంటే ముందు ప్లగ్గు పీకాలన్నాడు. గ్యాసు వాసన వస్తే స్విచ్చి ముట్టకుండా కిటికీలు తెరవాలన్నాడు. అమ్మ ఆ మాటల్ని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ ఫ్యాను చేసే మోత అంతా ఇంతా కాదు. పిండిమర పక్కన కాపురమున్నట్టుండేది. నాయన మార్పించేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీ, పొగ బాగా లాగుతాంది" అనేది. తిరగవాత అయిపోయినా ఆపేది కాదు.

ఒకరోజు హాల్లో కూర్చుని చదువుకుంటూ తలెత్తి చూశాను. వంటింట్లో అమ్మ పక్కకు తిరిగి కూర కలుపుతోంది. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. కానీ ప్రార్థనలో ఎవరూ తలను అలా పక్కకు వాల్చి, కనుబొమలు ఎగరేసి ఎవరినో ఎగతాళి చేస్తున్నట్టు నవ్వరు. అమ్మ మళ్ళీ పాడుతోంది. ఫ్యాను మోత కింద, ఎవరికీ వినిపించదన్న ధైర్యంతో, ఇన్నేళ్ళ తర్వాత పాడుతోంది. నాకూ వినిపించడం లేదు. గిన్నె కావాలని వంక పెట్టి దగ్గరికి వెళ్ళాను. పెదాలు ఆగిపోయాయి.

అప్పటికి నా పెళ్ళి కుదిరింది. ఇంకో రెండు నెలలే ఆ ఇంట్లో. ఉండబట్టలేక అడిగేశాను. "మా, ఆ చేని పాటలు ఒక్కసారి పాడుమా."

"యా పాటలు? అయ్యన్నీ యాడ గ్యాపకముంటాయి పాపా" అంది, నా ముఖం చూడకుండా.

ఆ తర్వాత వారం రోజులకేమో, మధ్యాహ్నం, నేను వంటింటి గడప దగ్గర నిలబడి ఆమె వెనక వైపు చూస్తున్నాను. ఉన్నట్టుండి కరెంటు పోయింది. రెక్కల మోత అణిగిపోయి, అమ్మ గొంతు ఒక్కటే మిగిలింది. ఒక్క చరణం. సన్నబడిన గొంతు, అయినా అదే. నేను పీట మీద కూర్చుని విన్నదే. అమ్మ ఉలిక్కిపడి ఆపి, వెనక్కి తిరిగింది.

"ఇనపడిందా?"

ఆ గొంతు కోసం ఎన్నేళ్ళు మొహం వాచి ఉన్నానో నాకే తెలుసు. వినపడింది, బాగుంది, ఇంకొక్కటి పాడు అనాలని నోటిదాకా వచ్చింది. అరుగు మీది ముసలామెలాగే నేనూ ప్రేమగానే అడుగుతాను. అయినా ఒకరు విన్నారని తెలిశాక ఆమె ఇక పాడదు.

"ఏందిమా? నేనిప్పుడే వచ్చినా" అన్నాను.

అమ్మ నన్ను చూసి, మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. కాసేపటికి కరెంటు వచ్చింది, మోత మొదలైంది. నేను హాల్లోకి పోయి, ఆమె పెదాలు కనిపించే చోట కూర్చున్నాను.