జప్తుకు వెళ్లిన శుక్రవారం

వడ్ల బాకీ మీద మున్సిఫ్ కోర్టులో డిక్రీ వచ్చిందంటే డబ్బు చేతికొచ్చినట్టేననుకున్నాను. కాదట. బాకీదారు కట్టకపోతే కోర్టు అమీను అతని ఇంటికెళ్లి సామాను జప్తు చేయాలి. ఏ సామానో గెలిచినవాళ్లే వెంట వెళ్లి చూపించాలి. గెలిచిందీ మేమే, అమీను బత్తా కట్టిందీ మేమే, వేలు పెట్టి చూపించాల్సిందీ మేమే. మరి కోర్టు చేసే పనేమిటో నాకు అంతుపట్టలేదు.

మా వేములపల్లి వైపు సాగర్ కాల్వ నీళ్లు వచ్చిన కొత్త. ఆ ఏడు పండిన వడ్లు మిర్యాలగూడలో ఒక దళారీకి అమ్మితే, మూడు వందల చిల్లర ఎగ్గొట్టాడు. ఆ డబ్బు వస్తేనే నేను నల్లగొండలో టీచర్ ట్రైనింగులో చేరేది. ఫీజు గడువు ఇంకా పది రోజులే ఉంది. నాన్న నడుం పట్టేసి మంచంలో ఉండటంతో అమ్మా నేనూ బయల్దేరాం.

దారి పొడుగునా అమీనును ప్రశ్నలతో సతాయించాను. వంటగిన్నెలు, పక్కబట్టలు, కట్టుబట్టలు, పుస్తెలు ముట్టుకోకూడదట. మరి పెంచుకునే చిలకనో అంటే ఆలోచనలో పడ్డాడు. ఇన్నేళ్ల నౌకరీలో ఆ సంగతి ఎవరూ అడగలేదన్నాడు.

దళారీ ఇంట్లో లేడు. అతని భార్య ఒక్కతే ఉంది. మేమెవరమో చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది. అయినా పీటలు వేసి మంచినీళ్లిచ్చింది. తరువాత లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చి అమ్మకు బొట్టు పెట్టి, రవికె గుడ్డ అందించింది. శుక్రవారం ఇంటికొచ్చిన ముత్తైదువకు అలా పెట్టడం ఆనవాయితీ. అమ్మ అలవాటుగా కొంగు పట్టి తీసుకుంది. కొంప మునిగిందని నాకప్పుడే తెలిసింది.

అమీను కాగితం విప్పి ఏం రాయాలని అడిగాడు. ఎదురుగా అల్మరా మీద పెద్ద రేడియో ఉంది. నేను అమ్మ మోచెయ్యి పొడిచాను. అమ్మ అటు చూడనైనా లేదు.

"ఏం రాయకు. బొట్టు పెట్టించుకున్న ఇంట్లకెళ్లి సామానెట్ల మోసుకపోత?" అని లేచింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా చదువు ఆ గడపలోనే ఖతమైందనుకున్నాను. అంతలో ఆ ఇల్లాలు అమ్మకు అడ్డంగా వచ్చి నిలబడింది. అల్మరా మీది రేడియో దించి, కొంగుతో తుడిచి, అమీను చేతికిచ్చింది.

"బొట్టు పెట్టినంక ఆడిబిడ్డను ఒట్టి చేతులతోని పంపొద్దక్కా. మా ఆయన అడిగితే నేనే ఇచ్చిన్నని చెప్త" అంది.

బస్సులో అమ్మను అడిగాను, ఆమె ఇవ్వకపోతే నిజంగా ఒట్టిగానే వచ్చేదానివా అని. వచ్చేదాన్నేనంది. మళ్లీ తనే, "ఇంటికొచ్చినంక ఆమెను కొడ్తడేమో బిడ్డా" అంది.

నేను గడువుకు ఇంకెన్ని రోజులున్నాయో వేళ్లు మడిచి చూసుకుంటున్నాను. రేడియో వేలానికి రాకముందే దళారీ కోర్టులో డబ్బు కట్టి విడిపించుకుపోయాడు. నేను ట్రైనింగులో చేరాను, ఉద్యోగమూ వచ్చింది. మిర్యాలగూడకు ఎన్నిసార్లు వెళ్లినా, ఆ సాయంత్రం ఆమెకు ఏమైందో కనుక్కోవడానికి ఆ ఇంటి గడప తొక్కలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.